పాత లారీ కేబిన్‌లో మోత తగ్గించుకోవడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో ఒకటి రెండు పాత లారీలు పెట్టుకుని జీవనం సాగించే యజమానుల కోసం, ఆ కేబిన్లలోనే పగలూ రాత్రీ గడిపే డ్రైవర్ల కోసం ఈ ప్రశ్నలూ జవాబులూ రాశాను. కంపెనీ కేబిన్‌తో వచ్చిన బండికీ, కౌల్ చాసిస్ (కేబిన్ లేకుండా వచ్చే చాసిస్) కొని ఆటోనగర్‌లో చెక్కా రేకూ వేసి కేబిన్ కట్టించుకున్న బండికీ పని తీరు కొంత మారుతుంది. ఆ తేడా ఎక్కడ వస్తుందో అక్కడే చెప్పాను.

పాత లారీ కేబిన్‌లో ఇంత మోత ఎందుకు ఉంటుంది?

మోత లోపలికి రావడానికి మూడు దారులు ఉన్నాయి. మొదటిది గాలి దారి: గేర్ రాడ్ దగ్గర చిరిగిన రబ్బరు, పెడళ్ళ చుట్టూ ఉన్న ఖాళీలు, గట్టిపడిపోయిన డోర్ బీడింగు (తలుపు అంచు రబ్బరు పట్టీ) వంటి సందుల గుండా ఇంజిన్ శబ్దం నేరుగా లోపలికి వస్తుంది. రెండవది రేకు దారి: పలుచని ఇనుప రేకు ఇంజిన్ అదురుకు తానూ అదిరి, స్వయంగా మోగుతుంది. మూడవది చాసిస్ దారి: ఇంజిన్ ఫౌండేషన్ రబ్బర్లు, కేబిన్ బుష్‌లు అరిగిపోతే ఇంజిన్ అదురు అడ్డు లేకుండా కేబిన్ చట్రంలోకి ఎక్కుతుంది. ముందు భాగం చదునుగా ఉండే మన లారీల్లో ఇంజిన్ డ్రైవర్‌కూ క్లీనర్‌కూ మధ్యనే బానెట్ కింద ఉంటుంది కాబట్టి ఈ మూడూ చాలా దగ్గరి దారులు. బండి కొత్తగా ఉన్నప్పుడు వాటిని ఆపిన రబ్బరు భాగాలన్నీ వయసుతో ఎండి, పగిలి, రాలిపోవడమే పాత బండి మోతకు అసలు కారణం.

డ్రైవర్‌కు అలవాటైపోతుంది కదా, దీనికి ఖర్చు పెట్టడం అవసరమా?

అవసరమే. అలవాటు అనుకునేది చాలాసార్లు వినికిడి తగ్గడానికి మొదలు. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే సూక్ష్మ కణాలు ఒకసారి చనిపోతే మళ్ళీ పుట్టవు. పెద్ద మోత వల్ల కలిగే నష్టం మొదట 4,000 హెర్ట్జ్ దగ్గరి హెచ్చు స్వరాల్లో కనబడుతుంది కాబట్టి, మామూలు మాటలు వినబడుతూనే ఉన్నా, గుంపులో ఎవరేమన్నారో తెలియకపోవడం, ఇంట్లో టీవీ శబ్దం పెంచమనడం వంటి గుర్తులతో అది బయటపడుతుంది. అమెరికాలో పనిచోట ఆరోగ్య భద్రతపై పరిశోధించే నియోష్ సంస్థ రోజుకు 8 గంటలకు 85 డెసిబెళ్ళను హద్దుగా సూచించింది. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెళ్ళ పెరుగుదలకూ సమయం సగానికి తగ్గాలి, అంటే 88 డెసిబెళ్ళకు 4 గంటలు, 91 డెసిబెళ్ళకు 2 గంటలు. మన దేశంలో ఫ్యాక్టరీల నిబంధనలు 8 గంటలకు 90 డెసిబెళ్ళ వరకు అనుమతిస్తాయి. బానెట్ మూత సరిగా కూర్చోని పాత లారీలో పల్లం నుంచి ఎత్తుకు లోడుతో ఎక్కుతున్నప్పుడు పక్కనున్న క్లీనర్‌తో అరిచి మాట్లాడవలసి వస్తున్నదంటే, ఆ హద్దులకు దగ్గరగానో దాటో ఉన్నట్టు భావించడం మంచిది. చెవి సంగతి అటుంచినా, ఎడతెగని రొద మనిషిని అలసిపోయేలా చేస్తుంది. తెల్లవారుజామున జాతీయ రహదారి మీద ఆ అలసట ఎంత ప్రమాదమో లారీ నడిపేవారికి నేను వేరే చెప్పనక్కరలేదు.

మోత తగ్గించే షీట్లు కొనే ముందు ఏం చేయాలి?

మరమ్మతులు చేయించాలి. ఈ ఒక్క మాట వింటే చాలామందికి సగం డబ్బు మిగులుతుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్ కాలి టకటకమంటున్నా, సైలెన్సర్ ముందు పైపు పగిలినా, కేబిన్‌లో ఎన్ని పొరలు వేసినా ఆ శబ్దం వినబడుతూనే ఉంటుంది. పైగా ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగూ వాసనా ఉండవు, మూసిన కేబిన్‌లో అది ప్రాణాంతకం. కాబట్టి సందులు మూయడానికి ముందే ఎగ్జాస్ట్ లీకులు సరిచేయించాలి. ఈ వరుస మార్చకూడదు.

ఆ తర్వాత ఇంజిన్ ఫౌండేషన్ రబ్బర్లు చూడాలి. ఐడిల్‌లో కేబిన్ మొత్తం ఊగుతూ, రేస్ ఇవ్వగానే ఊగడం తగ్గితే రబ్బర్లు నలిగాయేమోనని అనుమానించవచ్చు; ఇంజెక్టర్ లోపం వల్ల కూడా అలా జరుగుతుంది కాబట్టి మెకానిక్ చేత రెండూ చూపించాలి. కేబిన్ బుష్‌లు, రేడియేటర్ ఫ్యాన్ రెక్కలు, ఎయిర్ ఫిల్టర్ హోస్ క్లిప్పులు, కమాను పట్టీల షాకిల్ బుష్‌లు కూడా ఈ జాబితాలోనివే. ఖాళీ బండిలో వచ్చే గడగడలో పెద్ద భాగం వెనుక డోర్ గొలుసులది, పట్టా కొక్కేలది, స్టెప్నీ బిగింపుది అయి ఉంటుంది. వాటికి ఒక రబ్బరు ముక్క, ఒక గట్టి ముడి సరిపోతుంది.

మోత ఎక్కడి నుంచి వస్తున్నదో ఎలా కనిపెట్టాలి?

బండిని ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఇంజిన్‌ను మామూలుగా రోడ్డు మీద తిరిగే వేగానికి రేస్ చేయండి. కేబిన్‌లో మోత దాదాపు నడిచేటప్పుడు ఉన్నంతే ఉంటే దోషం ఇంజిన్ వైపున ఉంది. ఆగి ఉన్నప్పుడు తక్కువగా ఉండి, 50 కిలోమీటర్ల వేగంలోనే హోరెత్తుతుంటే టైర్లు, గాలి, బాడీ, గేర్‌బాక్స్ వైపు చూడాలి. వెనుక చక్రాలకు వేసే, అడ్డంగా లోతైన గాళ్ళున్న లగ్ టైర్లు రోడ్డు మీద ఒక రకమైన ఏకధాటి హోరు చేస్తాయి, దాన్ని కేబిన్ లోపలి పని కొద్దిగానే తగ్గించగలదు.

సందులు వెతకడానికి రాత్రి పూట ఇంజిన్ ఆపి, ఒకరు బానెట్ కిందా చాసిస్ కిందా టార్చిలైటు వేస్తే, లోపల చీకట్లో కూర్చున్నవారికి వెలుతురు చొరబడే ప్రతి చోటూ కనబడుతుంది. ఆ చోట్లన్నీ సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. తలుపు బీడింగు పరీక్షకు ఒక కాగితం ముక్కను మధ్యలో పెట్టి తలుపు వేసి లాగండి. పట్టు లేకుండా జారి వచ్చేస్తే ఆ చోట బీడింగు పని చేయడం లేదు. రేకులను వేలి కణుపుతో తట్టండి. డప్పులా మోగే చోటు ఒకటి, పొడిగా టక్కుమనే చోటు ఒకటి తేలికగా తేడా తెలుస్తాయి. మోగే చోటే పని కావాలి.

చిన్న చిన్న రంధ్రాలు మూసినంత మాత్రాన తేడా తెలుస్తుందా?

అన్ని పనుల కంటే ఎక్కువ తేడా తెలిసేది ఇక్కడే. ఒక గోడ ఎంత మందమైనదైనా, దాని వైశాల్యంలో 1 శాతం తెరిచి ఉంటే అది ఆపగల శబ్దం 20 డెసిబెళ్ళకు మించదు. లెక్క వేసి చూడండి: ఇంజిన్ వైపు రేకూ నేలా కలిపి 2 చదరపు మీటర్లు అనుకుంటే, అందులో 1 శాతం 200 చదరపు సెంటీమీటర్లు, అంటే సుమారు 14 సెంటీమీటర్ల పొడవూ వెడల్పూ ఉన్న ఒక చతురస్రం. చిరిగిన గేర్ రాడ్ బూటూ, క్లచ్ పెడల్ కంతా కలిస్తేనే అంత అవుతుంది. ఆ కంతలను అలాగే వదిలి నేలంతా ఖరీదైన షీటు పరిచేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

గేర్ రాడ్‌కు కొత్త రబ్బరు బూటు వేసి అంచు చుట్టూ ఇనుప పట్టీతో బిగించాలి. వైర్లు, కేబుళ్ళు వెళ్ళే కంతలకు గ్రొమెట్లు (రబ్బరు రింగులు) వేయాలి. పదునైన రేకు అంచు మీద వైరు రాపిడి తగలకుండా కూడా అవి కాపాడతాయి. కదలని చిన్న సందులకు పాలీయురెథేన్ సీలెంట్ మంచిది. పెడళ్ళ దగ్గర మాత్రం పెడల్ పూర్తిగా కిందికి వెళ్ళి, తడబడకుండా పైకి రావాలి. బ్రేకుకు అడ్డుపడే రబ్బరు ముక్క ఏదీ అక్కడ ఉండకూడదు.

బ్యూటైల్ షీటు, ఫోమ్, రబ్బరు మ్యాట్: ఏది దేనికి పనికొస్తుంది?

వీటిని ఒకే పని చేసే వస్తువులుగా చూడటం వల్లనే డబ్బు వృథా అవుతున్నది. పైన అల్యూమినియం పొర ఉన్న బ్యూటైల్ షీటు (అంటుకునే ఒక రకం రబ్బరు షీటు) కేబిన్ రేకు అదురును మింగుతుంది. అది శబ్దాన్ని అడ్డుకునే గోడ కాదు. అందుకే రేకు మొత్తం కప్పనక్కరలేదు. మోగే రేకు మధ్య భాగంలో 25 నుంచి 40 శాతం వరకు అంటిస్తే ప్రయోజనంలో ఎక్కువ భాగం వచ్చేస్తుంది. 2 మిల్లీమీటర్ల మందం సాధారణంగా చాలు. రోలర్‌తో గట్టిగా ఒత్తి, కింద గాలి బుడగ మిగలకుండా అంటించడం ముఖ్యం. సగం అంటుకున్న షీటు రేకు అదురును ఆపలేదు.

శబ్దాన్ని అడ్డుకునేది బరువు. ఒక పొర బరువు రెట్టింపయితే అది ఆపే శబ్దం సుమారు 6 డెసిబెళ్ళు పెరుగుతుంది. ఈ పనికి బరువైన వినైల్ షీటు గానీ, 5, 6 మిల్లీమీటర్ల గట్టి రబ్బరు మ్యాట్ గానీ పనికొస్తాయి. దుమ్మూ బురదా తొక్కే లారీ నేల మీద నేను రబ్బరు మ్యాట్‌కే ఓటు వేస్తాను: కడగవచ్చు, చిరిగితే మార్చవచ్చు, ఆటోనగర్‌లో సులువుగా దొరుకుతుంది.

ఫోమ్‌కు రెండు పనులు ఉన్నాయి. బరువైన పొరకూ రేకుకూ మధ్య మెత్తగా ఉండి రెండింటినీ విడదీయడం ఒకటి, కేబిన్ లోపల గోడల మీద పడి తిరిగే శబ్దాన్ని పీల్చుకోవడం రెండవది. మొదటి పనికి నీరు పీల్చని, లోపలి గాలి గదులు మూసి ఉండే (క్లోజ్డ్ సెల్) ఫోమ్ కావాలి. ఏసీ డక్టులకు చుట్టే నల్లని నైట్రైల్ రబ్బరు షీటు ఇందుకు చక్కగా సరిపోతుంది. రెండవ పనికి సీట్లలో వాడే స్పాంజి వంటి, గాలి గదులు తెరిచి ఉండే ఫోమ్, నమ్దా పనికొస్తాయి, కానీ అవి నీరు పీల్చుకుంటాయి కాబట్టి టాపుకూ వెనుక గోడకూ మాత్రమే పరిమితం చేయాలి.

తారు షీటు చౌక కదా?

చౌకే, కానీ మే నెలలో 45 డిగ్రీలకు చేరే విజయవాడ ఎండలో, ఇంజిన్ సెగ కూడా తోడైతే, అది మెత్తబడి జారుతుంది, తారు వాసన వదలదు. నేల కింది భాగంలో అయితే వాడుకోవచ్చు; టాపుకూ తలుపులకూ వద్దు.

థర్మోకోల్, గోనెసంచులు, గుడ్ల ట్రేలు, దూది వ్యర్థం వాడవచ్చా?

వాడవద్దు. థర్మోకోల్‌కు బరువూ లేదు, శబ్దాన్ని పీల్చే గుణమూ లేదు. వేడికి కరిగి, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. గోనె, దూది తేమ పట్టి రేకును తుప్పు పట్టిస్తాయి, ఎలుకలను పిలుస్తాయి, డీజిల్ పీల్చుకుంటే నిప్పుకు సిద్ధంగా ఉంటాయి. వాహనాల లోపలి సామగ్రి ఎంత వేగంగా మండవచ్చో ఐఎస్ 15061 అనే భారతీయ ప్రమాణం ఉంది. షీటు కొనేటప్పుడు ఆ సంగతి అడగండి. సమాధానం రాకపోతే చిన్న ముక్కను దుకాణం బయట, పక్కన నీళ్ళు పెట్టుకుని, అగ్గిపుల్లతో వెలిగించి చూడండి. నిప్పు తీసివేయగానే ఆరిపోయేది మేలు. మండుతూ చుక్కలుగా కారే దాన్ని ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

డబ్బు తక్కువగా ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

బానెట్, నేల, ఇంజిన్ వైపు రేకు. ఆ తర్వాత తలుపులు. చివర వెనుక గోడ, టాపు. చాలామంది కంటికి కనబడుతుందని టాపు రెగ్జిన్‌తో మొదలుపెడతారు, అందంగానే ఉంటుంది గానీ మోత అలాగే ఉంటుంది.

ఇంజిన్ బానెట్ లోపలి వైపు ఏం వేయాలి?

ఇక్కడ శబ్దం కంటే ముందు వేడి గురించి ఆలోచించాలి. బానెట్ కింద మానిఫోల్డ్, టర్బో ఉన్న వైపు మామూలు ఫోమ్ గానీ, జిగురుతో అంటించే షీటు గానీ పెట్టకూడదు. అల్యూమినియం రేకు తొడుగు ఉన్న గ్లాస్ ఉల్ గానీ, సిరామిక్ ఫైబర్ దుప్పటి గానీ వేసి, దాన్ని జిగురు మీద ఆధారపడకుండా ఇనుప పట్టీలతో, రివిట్లతో, వాషర్లతో బిగించాలి. ఊడి ఫ్యాన్ మీదో ఎగ్జాస్ట్ మీదో పడితే పెద్ద ప్రమాదం. ఈ రెండు పదార్థాల పీచు చర్మానికీ ఊపిరికీ మంచిది కాదు కాబట్టి కోసేటప్పుడు మంచి మాస్కు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. కోసిన అంచులన్నీ అల్యూమినియం టేపుతో మూసివేయాలి.

బానెట్ పై వైపు, అంటే కేబిన్ లోపలి వైపు, నైట్రైల్ ఫోమ్ వేసి దాని మీద బరువైన రబ్బరు మ్యాట్, ఆ పైన రెగ్జిన్ తొడుగు కుట్టించండి. బానెట్ అంచు చుట్టూ కొత్త బీడింగు వేసి, క్లిప్పులు గట్టిగా లాగి పట్టేలా సరిచేయించడం మరవకండి. ఆయిలూ నీళ్ళూ చూడటానికి బానెట్ రోజూ తెరవాలి కాబట్టి తొడుగు దానితో పాటే లేచేలా ఉండాలి; విడిగా పరిచి వదిలేస్తే వారం తిరిగేసరికి అది సీటు వెనుక ఉంటుంది.

కేబిన్ చెక్కతో కట్టించినది. అదే పద్ధతా?

కాదు. బ్యూటైల్ షీటు పలుచని రేకు అదురును ఆపడానికి పుట్టింది, మందమైన ప్లైవుడ్ మీద దానికి పెద్దగా పని లేదు. చెక్క కేబిన్‌లో బాధ కీళ్ళది: పలకలు ఎండి సందులు పడతాయి, స్క్రూలు వదులై కిర్రుకిర్రుమంటాయి. స్క్రూలు బిగించి, పుచ్చిన రీపులు మార్పించి, సందులు సీలెంట్‌తో నింపి, నేల మీద ఫోమూ రబ్బరు మ్యాటూ వేయండి. చెక్క మీద బయట కొట్టిన రేకు మోగుతుంటే ఆ రేకుకు మాత్రం లోపలి నుంచి అందిన చోట బ్యూటైల్ వేయవచ్చు.

ఇవన్నీ చేసినా కింది స్వరంలో గుంయ్‌మనే మోత పోలేదు. ఎందుకు?

ఆరు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 1,500 చుట్లు తిరిగేటప్పుడు సెకనుకు 75 సార్లు మండుతుంది. ఆ 75 హెర్ట్జ్ శబ్దపు అల పొడవు దాదాపు నాలుగున్నర మీటర్లు. ఒకటి రెండు అంగుళాల ఫోమ్‌కు అంత పొడవైన అల లొంగదు. ఈ గుంయ్‌కారాన్ని పుట్టిన చోటనే పట్టాలి, అంటే ఫౌండేషన్ రబ్బర్లు, కేబిన్ బుష్‌లు, సైలెన్సర్ వేలాడే రబ్బర్లు. ఒకే వేగంలో మాత్రమే వచ్చి పోతుంటే ఏదో ఒక పెద్ద రేకు, తరచుగా వెనుక గోడ గానీ టాపు గానీ, ఆ అదురుకు తోడు పలుకుతున్నదని అర్థం. అప్పుడు అక్కడ అడ్డంగా ఒక ఇనుప పట్టీ వేయించి, బ్యూటైల్ అంటిస్తే గుణం కనబడుతుంది.

మా ఎండలకు అద్దాలు దించే నడపాలి. మరి ఈ పనంతా దేనికి?

ఇది న్యాయమైన ప్రశ్న. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల కేబిన్లకు ఏసీ తప్పనిసరి అయింది, కానీ పాత బండ్లకు ఆ సౌకర్యం లేదు. అద్దం దించితే గాలి హోరు, పక్క బండ్ల శబ్దం, టైర్ల మోత లోపలికి వస్తాయి. తలుపుల మీద పెట్టిన ఖర్చు చాలావరకు ఆ పూటకు పనిచేయదు. కానీ బానెట్, నేల, ఇంజిన్ వైపు రేకు మీద చేసిన పని అద్దం తెరిచినా పనిచేస్తూనే ఉంటుంది, ఎందుకంటే ఆ మోత కాళ్ళ కింద నుంచీ మోచేతి పక్క నుంచీ వచ్చేది. అదే పొర ఇంజిన్ సెగను కూడా ఆపుతుంది. అందువల్ల ఏసీ లేని బండికి తలుపుల ఖర్చు తగ్గించి ఆ డబ్బు బానెట్ మీద పెట్టమని చెబుతాను. చలికాలపు రాత్రుల్లో, వానల్లో అద్దాలు ఎత్తినప్పుడు తలుపు బీడింగుల విలువ తెలుస్తుంది.

తలుపుల లోపల షీటు వేస్తే తుప్పు పట్టదా?

జాగ్రత్త తీసుకోకపోతే పడుతుంది. అద్దం పక్క నుంచి దిగే వాన నీరు తలుపు అడుగున ఉన్న చిన్న కంతల గుండా బయటికి పోవాలి. షీటూ సీలెంటూ వాటిని మూయకూడదు. పని మొదలుపెట్టే ముందు పాత మ్యాట్ ఎత్తి నేల రేకు చూడండి. స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగేంత తుప్పు ఉంటే టింకరింగ్ చేయించి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, పెయింటు వేసి, పూర్తిగా ఆరిన తర్వాతే షీటు వేయాలి. మచిలీపట్నం వైపు చేపలూ రొయ్యలూ ఎత్తే బండ్లలో ఉప్పు నీరు నేలలోకి దిగి ఉంటుంది కాబట్టి ముందు మంచినీళ్ళతో కడిగి రెండు రోజులు ఎండనివ్వండి. ముసురు పట్టిన రోజుల్లో అంటించే పని పెట్టుకోకపోవడమే మంచిది.

బరువు పెరిగి మైలేజీ తగ్గుతుందా? ఫిట్‌నెస్‌ సర్టిఫికెట్‌కు అడ్డమా?

3 చదరపు మీటర్ల బ్యూటైల్ సుమారు 11 కిలోలు, 2 చదరపు మీటర్ల రబ్బరు మ్యాట్ 15 నుంచి 20 కిలోలు, ఫోమ్ బరువు లెక్కలోకి రాదు. అన్నీ కలిపినా ఒక 50 కిలోల బస్తా బరువు దాటదు. టన్నుల లోడు మోసే బండికి ఇది పెద్ద విషయం కాదు. లోపలి పొరలు వేయడం బండి నిర్మాణాన్ని మార్చదు. కేబిన్ కొలతలు మార్చడం, సైలెన్సర్ తీసేయడం మాత్రం వేరే సంగతి, అవి చేయవద్దు.

కేబిన్ మరీ నిశ్శబ్దమైతే బయటి హారన్లు వినబడవేమో?

ఇంట్లో చేసుకునే ఈ పనితో అంత నిశ్శబ్దం రాదు. నిజానికి ఇంజిన్ రొద తగ్గితే బయటి హారన్, క్లీనర్ కేక, టైరు గాలి దిగే శబ్దం ముందుకంటే స్పష్టంగా తెలుస్తాయి. చెవుల్లో దూదో ప్లగ్గులో పెట్టుకుని బండి నడపడం మాత్రం వద్దు. రొదను దాటించడానికి పాటల శబ్దం పెంచడం చెవికి రెండో దెబ్బ.

ఎంత తగ్గుతుందని ఆశించవచ్చు? ఎలా కొలవాలి?

3 డెసిబెళ్ళు తగ్గితే చెవికి చేరే శబ్ద శక్తి సగమవుతుంది, కానీ మనిషికి కొద్దిపాటి తేడాగానే అనిపిస్తుంది. మోత సగమైనట్టు అనిపించాలంటే 10 డెసిబెళ్ళ దాకా తగ్గాలి. కాబట్టి చెవికి చిన్నగా అనిపించిన తేడాను తీసిపారేయకండి. ఫోన్ యాప్ చూపే అంకె కచ్చితమైనది కాదు, ముందూ తర్వాతా పోల్చుకోవడానికి మాత్రం ఉపయోగపడుతుంది. అదే ఫోను, అదే చోట, అదే గేరు, అదే వేగం, అద్దాలు అదే స్థితిలో ఉండాలి. విజయవాడ, గుంటూరు మధ్య హైవేలో రద్దీ తక్కువ ఉన్న వేళ ఒక సమతలమైన ముక్క ఎంచుకుని, ప్రతి దశ తర్వాత అక్కడే కొలవండి. ఫోన్ క్లీనర్ చేతిలోనే ఉండాలి.

సొంతంగా చేసుకోవాలా, పనివారికి ఇవ్వాలా?

సందులు మూయడం, బ్యూటైల్ అంటించడం, మ్యాట్ పరచడం ఓపిక ఉన్న ఎవరైనా చేసుకోవచ్చు. మొదట బ్యాటరీ తీగ తప్పించండి. థిన్నర్‌తో తుడిచేటప్పుడు తలుపులన్నీ తెరిచి ఉంచండి, దగ్గరలో బీడీ వెలిగించనివ్వకండి. పగిలిన పాత వైరింగు కనబడితే షీటు కింద దాచిపెట్టకుండా ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఫౌండేషన్ రబ్బర్లు, ఎగ్జాస్ట్, టింకరింగ్ మెకానిక్ పని. బానెట్ తొడుగు కుట్టడం ఆటోనగర్ కుషన్ పనివారికి వదలండి. లోపల ఏ పొర తర్వాత ఏది రావాలో మీరు దగ్గరుండి చెప్పాలి, లేకపోతే అలవాటు ప్రకారం స్పాంజి ఒక్కటే పెట్టి కుట్టేస్తారు.

వేసిన తర్వాత నిర్వహణ ఏమైనా ఉందా?

సర్వీసింగ్‌కు వెళ్ళినప్పుడల్లా బానెట్ లోపలి దుప్పటి బిగింపులు చూడాలి. డీజిలో ఇంజిన్ ఆయిలో పీల్చుకున్న ముక్కను కడిగి వాడవద్దు, కోసి తీసేసి కొత్తది వేయండి. వానాకాలం ముగియగానే ఒకసారి మ్యాట్ మూలలు ఎత్తి, తడి ఉంటే ఆరబెట్టండి. ధాన్యం, మిర్చి ఎత్తే బండ్లు యార్డుల్లో రోజుల తరబడి నిలిచినప్పుడు ఎలుకలు ఫోమ్‌ను కొరుకుతాయి. నేల అంచుల్లో ఫోమ్ బయటికి కనబడకుండా అల్యూమినియం పట్టీ కొట్టించండి. గేర్ రాడ్ బూటు అన్నిటికంటే ముందు చిరిగే వస్తువు, కాబట్టి ఒకటి అదనంగా కొని టూల్ బాక్సులో ఉంచుకోండి.